గాబ్రియేలు కార్ఖానా నేల

మెదక్‌లో చర్చి వెనక సందులో ఉండే వడ్రంగి గాబ్రియేలుకు రెండంటే ప్రాణం: ఒకటి భార్య వజ్రమ్మ, రెండోది సిమెంటు నేల. ఆ రెంటికీ పొసగకపోవడమే అతని కష్టమంతా.

పిల్లాజెల్లా లేరు. ముందు గది కార్ఖానా, వెనక గది కాపురం. పేడ అలికిన నేల మీద ఏ బల్ల నిలబెట్టినా కుంటుతోందని, సిమెంటుకు పర్మిటు కావలసిన ఆ రోజుల్లో, పట్టుబట్టి కార్ఖానాలో సిమెంటు పోయించాడు. శనివారం సాయంత్రం మేస్త్రీ తాపీ కడుక్కుంటూ, "రేపటిసంది నీళ్లు కట్టుండ్రి. జర్ర గూడ ఆరనియ్యకుండ్రి" అని చెప్పి పోయాడు. తెల్లారితే ఆదివారం. ఆదివారం పని ముట్టడం గాబ్రియేలు ఇంటావంటా లేదు.

"గొడ్డుకు నీళ్లు పెట్టొచ్చు గని నేలకు పెడితె పాపమా? నేను పోస్త తియ్యి," అంటూ వజ్రమ్మ బిందె ఎత్తబోయింది.

"ముట్టకు. ప్రభువు దినం," అని గాబ్రియేలు ఆ బిందె పక్కన పెట్టించి, ఆమెను వెంటబెట్టుకుని చర్చికి నడిచాడు. మే నెల ఎండకు అలాంటి నియమాలేమీ లేవు. సాయంత్రానికి నేల పాలిపోయింది. సోమవారం నుంచి ఎన్ని బిందెలు గుమ్మరించినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది.

ఇక గట్టిపడని ఆ నేల ఊడ్చిన కొద్దీ సిమెంటు దుమ్మే. వజ్రమ్మకు చిన్నప్పటి నుంచీ దమ్ము ఉంది. ఇప్పుడది ముదిరి, పడుకోలేక కూర్చునే ఊపిరి తీసుకునేది. ఆ దుమ్ములో ఉన్నన్నాళ్లూ మందులు పనిచెయ్యవని దవాఖానాలో డాక్టరమ్మ తేల్చి చెప్పింది. చర్చిలో పంట పండుగకు కుల్చారం నుంచి వచ్చిన ఆమె తమ్ముడు మోషే అక్క దగ్గు విని ఆగలేకపోయాడు.

"అక్కను నేను తోల్కపోత బావా. నువ్వు నీ నేలనే ఏలుకో."

"పో! ఈ నేల బాగైనంకనే మీ గడప తొక్కుత," అనేశాడు గాబ్రియేలు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు. కానీ మొగవాడి పంతం నోరు దాటాక వెనక్కి వస్తుందా? మోషే ఆ రోజే అక్కను బండెక్కించుకుని కుల్చారం తీసుకుపోయాడు.

క్రిస్మస్ ఆరాధనలో ఆడవాళ్ల వైపు వజ్రమ్మ ముసుగు కనబడింది. అంతే, కంఠతా వచ్చిన కీర్తన మధ్యలో మరిచిపోయాడు. బయటికి వచ్చేసరికి జనంలో మోషే బండి కదిలిపోయింది. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఒకప్పుడు విసుక్కున్న ఆ దగ్గయినా వినబడితే బాగుండుననిపించింది అతనికి.

కర్రకు అవిసె నూనె తాగిస్తే చెమ్మ పట్టదు, పై పొర గట్టిపడుతుంది. నేలకు మాత్రం ఎందుకు తాగించకూడదు? బట్టల సోడా కలిపిన నీళ్లతో నేలంతా రుద్ది కడిగి, బాగా ఆరనిచ్చి, నూనెలో టర్పెంటైన్ కలిపి గుడ్డతో పూశాడు. మొదటి పూత ఇసుకలో నీళ్లలా ఇంకిపోయింది. రెండోది ఆరాక తెల్లగుడ్డతో తుడిచి చూశాడు. గుడ్డ తెల్లగానే ఉంది!

"వజ్రా, ఇటు సూడు!" అని వెనక గదివైపు తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు.

మూడో పూత ఒక మధ్యాహ్నం మొదలుపెట్టాడు. గాలి ఆడాలని వీధి తలుపు బార్లా తెరిచి, అక్కడి నుంచి పూసుకుంటూ వెనక గది గడప దాకా వచ్చాడు. తలెత్తితే వీధి మెట్టు మీద వజ్రమ్మ. దవాఖానాలో మందు తీసుకుని, ఉండబట్టలేక వచ్చింది.

"రా, లోపల్కి రా! తొక్కుకుంటనే రా, ఏం గాదు!"

"వద్దొద్దు. గింత కష్టపడి పూసినవ్, ఆగం జేస్తనా? శాన సన్నబడ్డవేందయ్యా. ఏం తింటున్నవ్?"

"ఈ గుడ్డ సూడు, జర్రంత దుమ్ము లేదు! రెండు మూడు దినాలల్ల ఆరుతది."

"నేను గుడ్డ సంగతి అడిగిన్నా?"

ఇంతలో టర్పెంటైన్ ఘాటుకు ఆమెకు దగ్గు తెర వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధిలోకి దిగింది. "మోటరు పోతది, వస్త మరి," అని మలుపు తిరిగిపోయింది.

ఇద్దరి మధ్యా నేల నిగనిగలాడుతోంది. ఎవరి కోసం దాన్ని ఇన్నాళ్లూ సాకాడో ఆ మనిషినే అది గుమ్మంలో నిలబెట్టి పంపేసింది. గాబ్రియేలు ఒక్క క్షణం చూశాడు. గుడ్డ విసిరేసి, పచ్చి నూనె మీద అడుగులు వేసుకుంటూ, జారుతూ, అంటుకుంటూ వీధిలో పడ్డాడు.

కదులుతున్న కుల్చారం బస్సు ఎక్కేశాడు. "ఏం కాళ్లయ్యా అవి! బస్సంత జిడ్డు జేస్తున్నవ్!" అని కండక్టరు మొత్తుకున్నాడు.

వజ్రమ్మ ఆ కాళ్లకేసి చూసింది. "నేలంత తొక్కినవా? ఖరాబైంది గద!"

"అయితె మల్ల పూస్త. అది ఆరేదాక నీ దగ్గర్నే ఉంట. మోషే ఏమన్న అననీ."

ఆమె కళ్లు తుడుచుకుని, కిటికీ వైపు జరిగి చోటిచ్చింది. కుల్చారం వచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ నేల మాట ఎత్తలేదు.