హాజరు పట్టీలో లేని పేరు

మా పాపకి ఆరేళ్ళు నిండినా మాట సరిగ్గా రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. మనమన్న మాటనే మళ్ళీ మనకి అప్పజెప్పేది. ఇప్పుడైతే ఆటిజం అంటున్నారు. ఎనభైల్లో యానాంలో ఆ మాట వినుంటే అదేదో మందు పేరనుకునేవాళ్ళం. కాకినాడ డాక్టరు మందబుద్ధి అని కాగితం రాసిచ్చాడు. అది చదివి బస్టాండులోనే ఏడ్చాను. అయినా బడిలో చేర్చడానికి పనికొస్తుందని నలగకుండా ఇంటికి తెచ్చాను.

పనికి రాలేదు. పురుళ్ళకీ, పెళ్ళి చీరలకీ, పన్నుపోటుకీ మాకు కాకినాడే దిక్కు. కాగితాల దగ్గరికొచ్చేసరికి మాత్రం యానాం పాండిచ్చేరి కిందిది, కాకినాడ పరాయి రాష్ట్రం.

"పాండిచ్చేరి నుంచి ఆర్డరు రావాలమ్మా. పైవాళ్ళు రాసిస్తేగానీ పట్టీలో పేరెక్కించలేనండి" అన్నారు హెడ్మాస్టారు. చెడ్డవారు కాదు. నా అర్జీ తనే దిద్ది, తనే పంపించారు. జవాబు వచ్చేదాకా పాపని ఒకటో తరగతిలో తలుపు పక్కన కూర్చోబెట్టుకుంటానన్నారు, నేను వరండాలో కాపలా ఉండాలన్న షరతు మీద.

కనకాలపేటలో మా ఇంటికి రెండు సందుల అవతలే బడి. ఏడు నెలలు ఆ వరండాలో కూర్చున్నాను. బియ్యం ఏరుకున్నాను, చింతపండులో గింజలు తీశాను, జాలిగా చూసేవాళ్ళని మనసులో తిట్టుకున్నాను. పాప పలక ముట్టేది కాదు. గోడవైపు తిరిగి కూర్చునేది. ఒక్కోసారి చెవులు మూసుకుని కేకలు పెడితే పరుగెత్తుకెళ్ళి ఎత్తుకొచ్చేదాన్ని. పోస్ట్‌మాన్ మాత్రం రోజూ ఒట్టి చేతులతోనే బడి దాటిపోయేవాడు.

ఒక సాయంత్రం తల దువ్వుతుంటే పాప ఉన్నట్టుండి టీచరు గొంతుతో మొదలెట్టింది. ఒక పేరు, ప్రజెంట్ టీచర్. ఇంకో పేరు, ప్రజెంట్ టీచర్. ముప్పై ఎనిమిది పేర్లు, వరస తప్పకుండా, మధ్యలో ఒక పిల్లాడి దగ్గుతో సహా. రోజూ వరండాలోంచి నేను వినే వరసే. దీనికా మందబుద్ధి అని ఒళ్ళు మండింది.

ఆ వారంలోనే తనిఖీ వచ్చిపడింది. పాండిచ్చేరి నుంచి అధికారి వస్తున్నాడట. "రేపొక్కరోజు పాపని తీసుకురాకండమ్మా. పట్టీలో లేని పిల్ల క్లాసులో ఉంటే నా మెడకి చుట్టుకుంటుందండి" అని హెడ్మాస్టారు బతిమాలారు. ఆయన మాట వినమని మావారూ అన్నారు. నేనెవరి మాటా వినే రకం కాదు. కాగితం రాసేవాళ్ళే గుమ్మంలోకి వస్తుంటే పిల్లని దాచుకోమంటారేమిటి?

మర్నాడు కొత్త గౌను వేసి దాని చోట దాన్ని కూర్చోబెట్టాను. టీచరు మొహం పాలిపోయింది. అధికారి రాగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు, క్లాసు నిశ్శబ్దమైపోయింది. మొహం గోడవైపే పెట్టుకుని మా పాప హాజరు మొదలెట్టింది. ముప్పై ఎనిమిది పేర్లూ అయ్యేదాకా ఆయన కదల్లేదు. వరండాలో నా గుండె పొంగిపోయింది.

వెరీ గుడ్ అన్నాడాయన. ఈ పాప నంబరెంత అని పట్టీ తెప్పించాడు. అందులో దాని పేరే లేదాయె. నేను ఆగలేక లోపలికెళ్ళి, అర్జీ సంగతంతా చెప్పి, కాకినాడ కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆ మాట చదివేదాకా అది తెలివైన పిల్ల. చదివాక ఆయన నాతో మాట్లాడలేదు. "ఎవరి పర్మిషన్‌తో కూర్చోబెట్టారు?" అని హెడ్మాస్టారుని అడిగాడు.

మర్నాడు హెడ్మాస్టారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. ఆయన్ని సంజాయిషీ రాసివ్వమన్నారట. "ఇంక కుదరదమ్మా" అన్నారు. నన్ను తిట్టినా బాగుండేది. అర్జీకి జవాబు ఏనాటికీ రాలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు, పొద్దున్న బడి గంట వినపడితే చాలు, మా పాప ఇంట్లో హాజరు పిలిచేది. ఒకసారి ఉండబట్టలేక చివర్లో దాని పేరు నేనే పిలిచాను. ఠక్కున ఆగింది. నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ మొదటి పేరు నుంచి ఎత్తుకుంది. ఆ చేతి కింద నేను నోరు మూసుకుని ముప్పై ఎనిమిది పేర్లూ విన్నాను.