ఆటో పొగ, నా తుమ్ము

మా ఇల్లు ఇంద్రేశంల రోడ్డు వారకే. పక్కన అమ్ముడుపోయిన ప్లాట్లన్నీ ఖాళీగనే ఉన్నయి, వాటి నిండ వయ్యారిభామ. ఆ పిచ్చి మొక్క పుప్పొడి మా ఊర్ల ఎన్నో ఏండ్ల సంది ఉన్నదే, నాకేం కాలే. లేఔట్లొచ్చి, బండ్లు పెరిగి, డీజిల్ పొగ ఇంట్లకు జొరబడ్డంకనే నాకీ తుమ్ములు మొదలైనయి.

నేను బడికి పోయి చదువుకున్నోణ్ణి కాదు. దొరికిన కాగితమల్ల చదివి, చాలకపోతే డాక్టర్‌ను నిలదీసి అడిగేటోణ్ణి. పొగల ఉండే సన్నటి మసి ముక్కు లోపలి పొరను రేపుతదట. అట్ల రేగినంక, మామూలు పుప్పొడి తగిలినా ఒళ్లు దాన్ని శత్రువు అనుకోని మీద పడ్తదట. ఒక్క పుప్పొడికైతే ఇంత ఆగం ఉండదన్నడు.

ఇదంత ఇంట్ల చెప్పిన. విన్నరు. విని, ఎవరన్న బయలుదేరేటప్పుడు నన్ను వెనక అర్రల కూసోమన్నరు. ఆటో స్టార్టయితే పొగ, పొగొస్తే నాకు తుమ్ము. సరిగ్గ కాలు బయట పెట్టంగనే అపశకునమాయె!

"పొగ ఇడిసినోనికి లేని సిగ్గు తుమ్మినోనికెందుకు? నేను పోను" అని కొట్లాడిన.

మొన్న నా మనుమరాలికి గడ్డపోతారం మందుల కంపెనీల నౌకరి మొదటి రోజు. చౌరస్తా దాక ఆటో, అక్కడ కంపెనీ బస్సు. అది ఎవ్వరికోసం ఆగదు. సాగనంపుదామని గేటు కాడ నిలవడ్డ. పిల్ల ఆటోల కాలు పెట్టింది, నేను తుమ్మిన.

"దిగు బిడ్డా. జెర కూసోని, నీళ్లు తాగి పో," అన్నది కోడలు.

"అమ్మా, బస్సు పోతది!"

"తాగు ముందు."

తాగింది. ఆటో గుర్రుమని నడుస్తనే ఉన్నది. పిల్ల ఎక్కబోయింది, మళ్ల తుమ్మిన. మళ్ల దిగింది, మళ్ల నీళ్లు.

"తాతా, నాకు కడుపు నిండింది, ఇగ చాలు," అని ఫోన్ల టైం చూస్తనే నవ్వింది.

నేను ఆటో పిలగాని మీదికి లేచిన. "ఇంజన్ బంద్ చెయ్యరాదా? ఇదంత నీ పొగతోనే."

"బంద్ చేస్తే మళ్ల స్టార్ట్ కాదు పెద్దాయనా. ధక్కా కొట్టాలె. నువ్వు కొడ్తవా?"

ఎదురింటోళ్లు పకపక నవ్విన్రు. కోడలు నా మొఖం చూడలే, తల తిప్పుకున్నది. నా చెవులు కాలినయి. డాక్టర్ చెప్పిందంత నాకు నోటికొచ్చు. పిల్లను బస్సు కాడికి పంపనీకి అందుల ఒక్క ముక్క పనికి రాలే. ముక్కు మళ్ల జిలపెట్టబట్టింది.

లోపటికి పొమ్మని ఎవ్వరూ అనలే. నేనే పోయిన. స్నానాల అర్రల గొళ్లెం పెట్టుకోని, తువ్వాల నోట్ల కుక్కుకున్న.

"తాతా, పోయొస్తా!" అని బయటి నుంచి పిల్ల కేక. తువ్వాల తీస్తే తుమ్ము బయటికి ఇనవడ్తదని బదులియ్యలే. ఆటో చప్పుడు దూరమైంది.

కొంచెం సేపటికి కోడలు తలుపు కొట్టింది.

"బస్సు అందిందట మామా, ఫోన్ చేసింది. ఇగ బయటికి రాండ్రి."

"వస్తున్న" అన్న గని, నల్లా ఇప్పి, మొఖం కడుక్కుంటున్నట్టు చప్పుడు చేస్తూ అక్కడనే నిలవడ్డ.