ఎదురుపడని బండ్లు

నతానియేలు తిరగని ఊరు లేదు. ఈ మాట ఆయనే చెప్పుకునేవాడు, కాదనడానికి ఎవరికీ వీలుండేది కాదు. తిరుపతి, శ్రీశైలం, బెంగళూరు, హైదరాబాదు అన్నీ తిరిగొచ్చిన డ్రైవరు. అయితే తిరుపతిలో ఏం చూశావప్పా అని అడిగితే, అలిపిరి దగ్గర జీపులు నిలబెట్టే చోటు ఎంత చదునుగా ఉంటుందో చెప్పేవాడు. శ్రీశైలంలో ఒక వేపచెట్టు నీడ, బెంగళూరులో ఒక నర్సింగ్ హోము వెనక గేటు, హైదరాబాదులో ఎమ్మెల్యే క్వార్టర్ల దగ్గర ఇడ్లీ బండి, ఇవీ ఆయన యాత్రా విశేషాలు. పైగా బండి తోలేటప్పుడు కళ్ళు ముందున్న రోడ్డు మీదకంటే పైనున్న అద్దం మీదే ఎక్కువుండేవి. వెనక ఎవరొస్తున్నారో చూసుకోవడమే అసలు ఉద్యోగం. దేశమంతా తిరిగి, దాటిపోయిన దేశాన్ని మాత్రమే చూసినవాడు కడప జిల్లాలో ఆయనొక్కడే ఉంటాడని అందరూ అనుకునేవారు.

ఇంకొకడు కూడా ఉన్నాడు. అతని పేరు గఫూర్. ఉండేది జమ్మలమడుగులో. చిక్కంతా అక్కడే.

నతానియేలు ప్రొద్దుటూరు మేడాయన దగ్గర డ్రైవరు. మేడాయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గాని, అది పోలీసు స్టేషనులో తప్ప వాడుకలో లేదు. మూడంతస్తుల మేడ కట్టాడు కాబట్టి మేడాయన. గఫూర్ తోలేది జమ్మలమడుగు తోటాయన బండి. ఆయనకు ఊరి బయట చీనీ తోట, తోటలో ఇల్లు, ఇంటి చుట్టూ జైలుకు కూడా లేనంత ఎత్తు గోడ. ఈ పెద్దమనుషులిద్దరూ వరసకు బావా బావమరుదులు. తాతల కాలంలో ఎవరి గొర్రె ఎవరి చేలో పడి మేసిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆ గొర్రె పేరు చెప్పి రెండు వైపులా మనుషులు పోతూనే ఉన్నారు. మేడాయనా తోటాయనా మాత్రం పోలేదు. వాళ్ళకు షుగరొచ్చింది, అంతే.

పార్టీల విషయంలో వీళ్ళకు మహా పట్టింపు. మేడాయన ఏ పార్టీలో ఉంటే తోటాయన దాని ఎదుటి పార్టీలో ఉండాల్సిందే. ఎన్నికలు దగ్గర పడగానే ఇటాయన అటూ, అటాయన ఇటూ దూకేవారు. నతానియేలు సీటు కింద రెండు రంగుల జెండాలూ మడిచిపెట్టుకుని, పొద్దున్నే ఏది కట్టమంటారో అడిగి కట్టేవాడు. ఒక ఏడు పొరపాటున ఇద్దరూ ఒకే పార్టీలో పడ్డారు. ఒకే జెండా కింద కొట్టుకుంటే చూసేవాళ్ళకు బాగుండదని పైనుంచి పెద్దలొచ్చి బతిమాలితే, తోటాయన త్యాగం చేసి బయటికొచ్చాడు.

డ్రైవర్లిద్దరికీ పరిచయమైంది కడప కోర్టు ఆవరణలో. వాయిదా రోజున మేడ పార్టీ జీపులు ఒక గోడ పొడుగునా, తోట పార్టీ జీపులు ఎదుటి గోడ పొడుగునా నిలబడేవి. ఒకసారి నతానియేలు జీపుకు ఫ్యాన్ బెల్టు తెగింది. తిరుగు ప్రయాణంలో బండి ఆగితే మేడాయన ఏమవుతాడో గాని తన ఉద్యోగం ఏమవుతుందో ఆయనకు తెలుసు. తలపట్టుకుని కూర్చుంటే ఎదుటి గోడ దగ్గర్నుంచి ఒకడు నడుచుకుంటూ వచ్చి, బంపరు మీద ఒక ఫ్యాన్ బెల్టు పెట్టి, ఇటు చూడకుండా పోయాడు. మరుసటి వాయిదాకు నతానియేలు బదులుగా కొత్త బెల్టు తెచ్చి వాళ్ళ బంపరు మీద పెట్టి, అటు చూడకుండా వచ్చాడు. స్నేహం అట్లా మొదలైంది.

ఆ స్నేహానికి పద్ధతి ఒక్కటే. ముఖాలు చూసుకోకూడదు. ఎవరైనా చూస్తే ఇద్దరికీ కాళ్ళూ చేతులూ ఉండవు. అందుకని రెండు బండ్లూ కొళాయి దగ్గరికి తెచ్చి, ఒకరు ఇటు తిరిగి, ఒకరు అటు తిరిగి, వీపులు ఎదురెదురుగా పెట్టుకుని అద్దాలు తుడుస్తూ మాట్లాడుకునేవారు.

"పిల్లోల్లు బాగుండారా మామా?" అని నతానియేలు తన అద్దాన్ని అడిగేవాడు.

"బాగుండారప్పా. చిన్నది మాబున్నికి జరమొచ్చి తగ్గింది," అని గఫూర్ తన టైరుకు చెప్పేవాడు.

ఆ మాటల మధ్యనే అసలు సంగతి ఒకటి బయటపడింది. ఇద్దరు పెద్దమనుషుల చుట్టాలూ పులివెందుల్లోనే. పెండ్లికి పోయినా, పలకరింపుకు పోయినా ఇద్దరూ అక్కడికే పోవాలి. పోవడానికి రెండు దార్లు, ముద్దనూరు మీద ఒకటి, వేంపల్లె మీద ఒకటి. ఎప్పుడో ఒకప్పుడు ఒకే దారిలో రెండు గుంపులూ ఎదురుపడతాయి. పడితే బాంబు ముందు సీటుకే తగులుతుంది. వెనక సీట్లో వాళ్ళు దిగి పరుగెత్తడానికి వ్యవధి ఉంటుంది, స్టీరింగు పట్టుకున్నవాడికి ఉండదు.

అప్పట్నుంచి ఇద్దరూ దార్లు పంచుకున్నారు. ప్రొద్దుటూరులో పంక్చర్ షాపు పెట్టుకున్న ఇనాయతుల్లా గఫూర్‌కు బావమరిది. బయల్దేరే ముందు నతానియేలు గాలి పట్టించే వంకతో అక్కడికి పోయి, "ఈరోజు ముద్దనూరు దారప్పా, గాలి చూసి పట్టు," అనేవాడు. ఇనాయతుల్లా పక్కనున్న ఎస్టీడీ బూతులో దూరేవాడు. గంట తిరక్కుండా జమ్మలమడుగులో గఫూర్ తోటాయన ముందర చేతులు కట్టుకుని నిలబడి, "ముద్దనూరు దారిలో చప్టా మీద నీళ్ళు పోతాండాయన్నా, వేంపల్లె మీద పోదాం," అనేవాడు. నడి ఎండాకాలంలో కూడా గఫూర్ చప్టా మీద నీళ్ళు పారించాడు. తోటాయన ఒక్కసారి కూడా కిటికీలోంచి తొంగిచూసిన పాపాన పోలేదు.

దీనివల్ల పెద్దమనుషులిద్దరికీ పేరు పెరిగింది. "నా జీపు దుమ్ము చూసి వాడు వేంపల్లె దారి పట్టినాడు," అని మేడాయన మేడమీద మీసం దువ్వేవాడు. అదే మాట, దారి పేరొక్కటే మార్చి, తోటాయన తోటలో అనేవాడు. చుట్టూ చేరినవాళ్ళు రెండు చోట్లా అవునవునని తలకాయలూపేవారు. పోలీసు దొరలు తమ బందోబస్తు వల్లే శాంతి నెలకొందని పతకాలు పెట్టుకున్నారు. ఇద్దరు డ్రైవర్లు ఇంటికొచ్చి పెండ్లాం చేతి సంగటి తిని పడుకునేవారు. ఇన్నేండ్లూ అదే వాళ్ళకు దక్కిన పతకం.

ఇన్నేండ్ల స్నేహంలో ఇద్దరూ పక్కపక్కన నడిచింది ఒక్కసారే, హైదరాబాదు జూలో. చెరొక పార్టీ టిక్కెట్టు కోసం ఇద్దరు నాయకులూ ఒకేసారి రాజధానికి పోయి, వేరువేరు వాకిళ్ళ ముందు పడిగాపులు కాస్తూంటే, డ్రైవర్లు బస్సెక్కి జూకు పోయారు. అక్కడ కడప జిల్లావాడు ఒక్కడూ లేడు. మొదటిసారి నతానియేలు గఫూర్ ముఖం తీరుబడిగా చూశాడు. ఎడమ కంటి పక్కన చిన్న మచ్చ ఉందని అప్పుడే తెలిసింది. పులి బోను ముందు గఫూర్ చాలాసేపు నిలబడి, "అచ్చం మా తోటాయన మాదిరే ఉండాది. కూడు టయానికి తప్ప లెయ్యదు," అన్నాడు. నతానియేలు నవ్వి నవ్వి కటకటాలు పట్టుకున్నాడు. ఆయన చూశానని ఒప్పుకోదగిన ఊరు ఏదైనా ఉంటే ఆ ఒక్క పూట హైదరాబాదే.

శరత్కాలమంటే పుచ్చపూల వెన్నెల, రెల్లుపూలు అని చదువుకున్నవాళ్ళు రాస్తారు. మా వైపు దసరా ఊరేగింపుల బందోబస్తు అయిపోయి, తుపాను వానలు పెన్నలో పడి పోయి, నల్లరేగళ్ళలో శనగ మొలకెత్తే కాలం. మగవాళ్ళకు చేతిలో పని తక్కువ, తలలో పాత కక్షలు ఎక్కువ. నతానియేలుకు ఏటా ఆ రోజుల్లో ఊరికే దిగులు పుట్టేది. ఆకాశం కడిగినట్టుండేది, గాలి చల్లగా ఉండేది, మనసు మాత్రం ఎవరో పోతున్నట్టు ఉండేది. ఆ ఏడు నిజంగానే ఒకరు పోతున్నారు. గఫూర్‌కు కువైట్ వీసా వచ్చింది.

"షేకు ఇంట్లో డ్రైవరంట. ఆడ రోడ్డు మీద ఎవురూ ఎవుర్నీ చంపరంట," అని ఇనాయతుల్లా పంక్చరు వేస్తూ చెప్పాడు. "గురువారం సాయంత్రం యర్రగుంట్లలో బొంబాయి రైలు. ఒక్కసారి నీ ముఖం చూసి పోవాలంటాండాడు."

ఆ మాట విన్నప్పట్నుంచి నతానియేలుకు అన్నం సయించలేదు. బంధువు చస్తే నలుగురి ముందూ ఏడవచ్చు. పెండ్లాం పుట్టింటికి పోతే బస్టాండు దాకా పోయి సాగనంపవచ్చు. తన ప్రాణం ఇన్నేండ్లు కాపాడిన మనిషి మళ్ళీ వస్తాడో రాడో తెలియని దేశం పోతుంటే, ఎదురుగా నిలబడి, ముఖం చూసి, రెండు చేతులూ పట్టుకుని పోయిరా అనడానికి లేదు. "ఈసారి పోయి చూడు. ఏమైతే అదైతాది," అని భార్య జ్ఞానమ్మే అంది. ఆయన నిశ్చయించుకున్నాడు.

కాలం కలిసొచ్చింది. గురువారమే మేడాయనకు పులివెందుల్లో పెండ్లి విందు. వేంపల్లె దారైనా, ముద్దనూరు దారైనా యర్రగుంట్ల దాటి పోవాల్సిందే. రైలు టయానికి రేడియేటర్ కాగిందని బండి ఆపి, నీళ్ళ క్యాను పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి పోతే సరి. ఇంత జాగ్రత్తగా ఆలోచించినవాడు ఒక్క సంగతి మరిచాడు. తోటాయన ఆరోజు ఏ దారిన పోతున్నాడన్నది. అది గఫూర్ చూసుకునే పని. గఫూర్ అప్పటికే స్టీరింగు ఇంకొకనికి అప్పజెప్పి ప్రయాణికుడైపోయాడని ఈయన బుర్రకు తట్టలేదు.

తోటాయనకూ అదే పెండ్లికి పిలుపుంది. దారిలోనే కదా, నమ్మినబంటును తానే రైలెక్కిస్తే పేపర్లో ఫోటో పడుతుందని ఆయన అయిదు జీపుల జనంతో, పూలదండతో, ఒక విలేకరితో యర్రగుంట్ల స్టేషనుకు వేంచేశాడు. జీపులన్నీ గూడ్సు షెడ్డు చాటున నిలబెట్టారు, రోడ్డు మీదికి కనబడవు.

నతానియేలు అనుకున్నట్టే స్టేషను ముందు బండి ఆపాడు. ఆవిరి ఒక్క చుక్క లేదు, అయినా బానెట్ ఎత్తాడు. అనుకోనిది ఏమంటే, షుగరున్నవాడికి బండి ఆగితే చాలు, దిగాల్సిన అవసరం పడుతుంది. మేడాయన దిగి, మరుగు కోసం నేరుగా ప్లాట్‌ఫారం మీదికి నడిచాడు. వెనక ఆయన మనుషులు నడిచారు. బెంచీ మీద తోటాయన కూర్చుని ఉన్నాడు.

రెండు వైపులా చేతులు బాంబుల సంచుల్లోకి పోయాయి. టీ అమ్మేవాడు కెటిలు అక్కడే వదిలి పట్టాలు దాటి పరుగెత్తాడు. నువ్వు దాక్కున్నావంటే నువ్వు దాక్కున్నావని ఇన్నేండ్లు రొమ్ము చరుచుకున్న ఇద్దరు వీరులూ మూడు బారల దూరంలో ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి కాళ్ళూ వణుకుతున్నాయి. ఒకరు మోకాళ్ళ నొప్పని, ఇంకొకరు గాలి చల్లనని తర్వాత చెప్పుకున్నారు.

"ఏం బావా, శానా చిక్కిపోయినావే?" అన్నాడు తోటాయన.

"షుగరు బావా. నీకెంతుండాది?" అన్నాడు మేడాయన.

అంతే. తోటాయన లేచి కౌగిలించుకున్నాడు. సంచుల్లోంచి చేతులు బయటికొచ్చి చప్పట్లు కొట్టాయి. విలేకరి ఫోటో తీశాడు. గఫూర్ కోసం తెచ్చిన దండను గఫూర్ మెడలోంచి తీసి మేడాయన మెడలో వేశారు. అంతలో రైలొచ్చింది.

నతానియేలు కొళాయి దగ్గర క్యాను పెట్టి నిలబడి ఉన్నాడు. గఫూర్ పెట్టె పట్టుకుని నాలుగడుగుల దూరం దాకా వచ్చాడు. కొత్త ప్యాంటు, ప్రయాణం క్షేమంగా సాగాలని చేతికి కట్టిన ఇమాం జామిన్ తాయెత్తు. ఇప్పుడు భయపడాల్సినవాడు ఎవరూ లేరు. పెద్దలే వాటేసుకుని ఊగుతున్నారు. గఫూర్ తల ఎత్తాడు. నతానియేలు మెడ దానంతట అది కొళాయి వైపు తిరిగిపోయింది. అది చూసి గఫూర్ కూడా వెనక్కి తిరిగి, వంగి, పెట్టె తాడు బిగించసాగాడు.

"పోతాండానప్పా," అన్నాడు పెట్టెతో.

"పోయిరా మామా. ఆడ ఎండలు శానా అంట, నీళ్ళు తాగతాండు," అన్నాడు నతానియేలు కొళాయితో.

"నువ్వు జాగ్రత్త. కొత్తోడు చిన్నోడు, దుడుకోడు. వానికి దార్లు తెలీవు."

తిరుగు, తిరిగి చూడు, ఎవరేమంటారిప్పుడు, అని నతానియేలు తనను తాను తిట్టుకున్నాడు. మెడ వినలేదు. ఇన్నేండ్లు బతకడానికి నేర్చుకున్న విద్య అది, ఒక్క పూటలో మరిచిపొమ్మంటే మరవలేదు. క్యాను నిండి నీళ్ళు కాళ్ళమీద పడితే ఉలిక్కిపడి తిరిగాడు. రైలు కదులుతోంది. జనం తోసుకుంటూ గఫూర్‌ను పెట్టెతో సహా పైకెక్కించారు. కనిపించింది వీపే.

తోటాయన తన జీపులు వదిలి మేడాయన బండిలోనే ఎక్కాడు. పెండ్లికి ఇద్దరూ ఒకే బండిలో దిగితే పులివెందులంతా నోళ్ళు తెరుస్తుందని ఇద్దరికీ సంబరం.

"ఇన్నేండ్లు రోడ్డు మీద ఒక్కసారన్నా ఎదురుపడలేదు చూడు బావా," అన్నాడు మేడాయన. "పడింటే ఎంత నెత్తురు పోయిండేదో."

"గండి ఆంజనేయుడు అడ్డం నిలబడినాడు బావా. అది ఆయన మహిమే."

తర్వాత రెండు వైపులా పోయినవాళ్ళ లెక్క తీశారు. వెంకటయ్య కొడుకు పోయింది మా వైపు కదా అని ఒకరు, కాదు మా వైపే అని ఇంకొకరు. ఎంతకీ తేలకపోతే ఇద్దరూ నవ్వుకున్నారు. నతానియేలుకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూశాడు, గాని రోడ్డు మసకబారింది.

అద్దంలో మేడాయన చూశాడు. "ఏంరా నతానేలూ, ఏడుస్తాండావా?"

"మనం కలిసిపోయినామని వాని కండ్లల్లో నీళ్ళు బావా," అన్నాడు తోటాయన. "చూడు, ఎంత విశ్వాసం."

"అంతేనారా?"

"అంతేనన్నా," అన్నాడు నతానియేలు.

విందు పందిట్లో మేడాయన మైకు పట్టుకున్నాడు. ఈ కలయిక ప్రజల కోరిక అన్నాడు, రాబోయే ఎన్నికల్లో ఇద్దరిదీ ఒకే మాట అన్నాడు. చివరికి, "మేం కలిస్తే మా డ్రైవరు నతానియేలు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఒక సామాన్యుని గుండె అది," అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. బయట బండ్ల దగ్గర కూర్చున్న డ్రైవర్లందరూ నతానియేలు వైపు తిరిగారు. జీవితంలో స్నేహితుని కోసం ఏడ్చింది ఆ ఒక్కసారే, దాన్నీ మేడాయన తీసుకున్నాడు. నిజమేనాప్పా అని ఒకడు అడిగితే, నతానియేలు తల ఊపాడు.