అరచేతిలోని 10.25

తెనాలిలో మా నర్సింగ్ హోమ్ రికార్డులను కంప్యూటర్‌లోకి మార్చిన మొదటి సంవత్సరమది. నాకప్పుడు అరవై తొమ్మిదేళ్లు. గుండెనొప్పితో భట్టిప్రోలు నుంచి వచ్చిన ఒక రైతుకు ఉదయం 10.25కి ఇంజెక్షన్ చేయించాను. నర్సు మేరీ అలవాటు ప్రకారం ఆ సమయాన్ని పెన్నుతో అరచేతిలో రాసుకుంది. కంప్యూటర్‌లో ఎక్కించడం తీరిక దొరికాకే. 11.15కి ఆయన మరణించారు.

“మందు ఎప్పుడిచ్చారండి?” అని మధ్యాహ్నం ఆయన తమ్ముడు నిలదీశాడు. అంకెలపై ధీమాతో తెరను అతని వైపు తిప్పాను. అందులో 11.40 అని ఉంది. మేరీ వివరాలు ఎక్కించిన సమయాన్నే యంత్రం మందిచ్చిన సమయంగా వేసుకుంది.

“ప్రాణం పోయాక పొడిచారా సార్?” అంటూ అతను సెలైన్ స్టాండు ఎత్తి నా నుదుటిపై కొట్టాడు. రక్తం కళ్లలోకి కారింది.

“పది ఇరవై అయిదండి, ఇదిగో చూడన్నయ్యా” అంటూ మేరీ అరచెయ్యి చాచి అడ్డు వచ్చింది. రెండో దెబ్బ ఆ చేతి మీదే పడి, రెండు వేళ్లు విరిగాయి.

ఇప్పుడు ఏ మందిచ్చినా ఆ సమయాన్ని మంచం పక్కనే కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాం. ఆ తమ్ముడు నాపై వేసిన కేసు మాత్రం నడుస్తూనే ఉంది. కోర్టు ముందున్నది ఆ 11.40 ఒక్కటే. మేరీ అరచేతిలోని 10.25ను, కట్టు కట్టే ముందు స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచింది నేనే.