ట్రైలర్ మామయ్య అనుమానాలు

మామయ్య ఎవర్నీ నమ్మడు. ఈ ఒక్క విషయంలో చుట్టాలందరిదీ ఒకే మాట. అందరిదీ ఒకే మాటైతే దాని వెనక ఏదో ఉందంటాడు మామయ్య.

తప్పు ఆయనది కాదు, ఆయన చేసే పనిది. సినిమా కంపెనీలో ట్రైలర్లు కట్ చేస్తాడు. కూర్చుంటే నడుము పట్టేసే సినిమాని చిటికెలో అయిపోయేలా కుదించి, చూసినవాడికి ఒళ్ళు గగుర్పొడిచేలా చేసి వదులుతాడు. హీరో తుమ్మబోతున్న ముఖానికి నాలుగు డప్పులు కలిపితే అది పగ. హీరోయిన్ ఉల్లిపాయలు తరుగుతూ కార్చిన కన్నీళ్ళకి వయొలిన్ తగిలిస్తే విరహం. రోజంతా తన చేతులతో ఇలాంటివి చేసే మనిషి, బయట లోకం మాత్రం ఉన్నదున్నట్టు ఉంటుందని ఎలా నమ్ముతాడు?

కూరగాయల బుట్ట ముందు నిలబడి, "పైన పేర్చినవి ట్రైలరు. కింద సినిమా చూపించు" అంటాడు. ఒకసారి కూరగాయలామెకి ఒళ్ళు మండి బుట్టెడు టమాటాలూ నేలమీద గుమ్మరించింది. "చూసుకోండి. ఇంటర్వెల్ కూడా ఇవ్వను" అంది. మామయ్య ఒక్కో టమాటా తిప్పి తిప్పి చూసి, అన్నీ బాగానే ఉన్నాయని తేలాక మరింత అనుమానం పెంచుకుని, కొనకుండా వచ్చేశాడు.

పళ్ళ డాక్టరు దగ్గరా అంతే. "అస్సలు నొప్పి తెలీదండీ" అన్నాడా డాక్టరు.

"అది ట్రైలరు. కథ చెప్పండి."

డాక్టరు నిజాయితీపరుడు. సూది ఎక్కడ పొడిచేదీ, పన్ను ఎలా ఊడదీసేదీ వివరంగా చెప్పాడు. మామయ్య లేచి ఆయనకి దణ్ణం పెట్టి, నొప్పి పన్నుతోనే ఇంటికొచ్చాడు.

"పెళ్ళికి ముందు నా ఫొటో చూసి నమ్మలేదు, మనిషిని చూసీ నమ్మలేదు. ఇప్పటికైనా నమ్ముతున్నాడో లేదో నాకూ అనుమానమే" అంటుంది అత్తయ్య.

మేనకోడలికి అదే కంపెనీలో పబ్లిసిటీ పని ఇప్పించింది మామయ్యే. సిఫార్సు చేస్తూ కూడా, "తెలివైన పిల్లంటున్నారు, చూడాలి" అన్నాడట. అన్నాళ్ళూ ఇంట్లో చూసిన మామయ్యని ఆమె అప్పట్నించి ఆఫీసులోనూ చూసింది. ఎడిటింగ్ గదికి రెండు తాళాలు. టీ ఇచ్చే మనిషి వస్తే తెర మీద తువ్వాలు కప్పి, టీ గుమ్మంలోనే అందుకుంటాడు. కంప్యూటర్ పాస్‌వర్డు ఎవరో కనిపెట్టేస్తారని మార్చి, మార్చింది తానే మరిచిపోయి, ఎవరో మార్చేశారని ఆఫీసంతటినీ నిలదీశాడు.

అలాంటి రోజుల్లో ఒక పెద్ద సినిమా వచ్చింది. పబ్లిసిటీ వాళ్ళు ముందు హీరో చెప్పు ఒక్కటే పోస్టరు మీద వేశారు. తర్వాత రెండో చెప్పు. ఆ తర్వాత ట్రైలర్ ఏ రోజొస్తుందో ఏ రోజు చెబుతారో చెబుతూ ఒక వీడియో. జనం పిచ్చెక్కిపోయారు. ట్రైలర్ విడుదల చేసిన థియేటర్లో రంగు కాగితాలు ఊడ్వలేక తుడిచేవాళ్ళు చీపుళ్ళు పారేశారు.

అంతా బాగానే ఉంది కానీ, ఆ ట్రైలర్లో రెప్పపాటు ఒక ముసలావిడ కనబడింది. కిటికీ తెరిచి, ఎవరినో చూసి, నవ్వుతుంది. అంతే. జనం హీరోని వదిలేసి ఆవిణ్ణి పట్టుకున్నారు. విలన్ తల్లి అన్నారు కొందరు. కాదు, అసలు విలన్ ఆవిడే, ఆ నవ్వు చూడండి అన్నారు ఇంకొందరు. ఆ నవ్వు చొక్కాల మీదికి కూడా ఎక్కింది.

పబ్లిసిటీ మేనేజరు మేనకోడల్ని పిలిచి తలుపు మూశాడు.

"ఎవరమ్మా ఆ ముసలావిడ?"

"సినిమాలో ఉంటుంది కదండీ."

"లేదు. ఫైనల్ కాపీ మొత్తం చూశాను. కిటికీ ఉంది, అది తెరుచుకోదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఇది మొదటిసారి కాదు. పోయిన సినిమా ట్రైలర్లో గొడుగాయన. అంతకుముందు బట్టతల సర్వరు. ఎవరూ సినిమాలో లేరు. మీ మామయ్య చుట్టాల్ని దూరుస్తున్నాడా? ఆవిడ మీ అమ్మమ్మా?"

"మా అమ్మమ్మ పోయి చాలా కాలమైందండీ."

"అయితే మరీ అనుమానించాలి." ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్ళి, ఎందుకో దాన్ని మూసేశాడు. "ఆవిడ కోసం టిక్కెట్లు కొంటున్నారు జనం. సినిమాలో లేదని తెలిస్తే థియేటర్లో ఒక్క కుర్చీ విరగ్గొట్టకుండా వదలరు. విషయం తేల్చు. లేకపోతే ఆయనా ఉండడు, ఆయన సిఫార్సుతో వచ్చిన నువ్వూ ఉండవు."

మేనకోడలు తిన్నగా ఎడిటింగ్ గది తలుపు తట్టింది.

"ఎవరు పంపారు నిన్ను?" అన్నాడు మామయ్య లోపల్నించే.

"ఎవరూ పంపలేదు మామయ్యా, నేనే వచ్చాను."

"అలాగే అంటారు." తలుపు తెరుచుకోలేదు.

ఆమెకి భయం పట్టుకుంది. చిన్నప్పట్నించి అందరి మీదా అనుమానపడే మనిషి, అసలు తనలోనే ఏదో పెట్టుకుని అలా అయ్యాడేమో. ఆ సాయంత్రం మామయ్య ఆఫీసు నించి బయటపడగానే వెనకాలే నడిచింది. ఎవరో వెంబడిస్తున్నారని ఆయనకి జీవితంలో రోజూ ఉండే అనుమానం ఆ ఒక్కరోజే నిజమైంది. సరిగ్గా ఆ రోజే ఆయన వెనక్కి చూడలేదు.

బట్టలు ఆరేసిన ఇరుకు సందులో ఒక ఇంటి ముందు ఆగాడు. లోపల ఇరుగూ పొరుగూ అంతా ఒక్క ఫోను చుట్టూ మూగి ఉన్నారు. మధ్యలో ఆవిడ. కిటికీ ముసలావిడ.

"ఇంకోసారి నవ్వు పిన్నీ" అంటోంది ఎవరో.

"ఊరికే నవ్వితే ఎలా. కెమెరా ఉండాలి" అంటోంది ఆవిడ, నవ్వుతూనే.

మేనకోడలు మామయ్య చెయ్యి పట్టుకుంది. ఆయన ఉలిక్కిపడ్డాడు. పారిపోవడానికి దారి లేక చెప్పేశాడు.

"జూనియర్ ఆర్టిస్టు. జుట్టు నల్లగా ఉన్నప్పట్నించీ వేషాలు వేస్తోంది. ప్రతిసారీ ఈ సందంతా సినిమాకెళ్ళి చూస్తారు, ఈవిడ ఉండదు. అబద్ధాలాడుతుందని పేరు పడింది. ఈసారి నీ సీను తీసెయ్యనని డైరెక్టరు మాటిచ్చాడట. ఎంత సంబరంగా చెప్పిందో నాకు."

"మరి?"

"నేను నమ్మలేదు. సినిమా నిడివి ఎక్కువైందంటే ముందు పోయేది ఇలాంటివాళ్ళే. అందుకే ట్రైలర్లో పెట్టేశాను. దీన్ని నేను తప్ప ఎవరూ కొయ్యరు."

"గొడుగాయన?"

"ఆయన కూతురు చూసింది."

"బట్టతల సర్వరు?"

"వాళ్ళింట్లో ఇప్పటికీ చూస్తున్నారు."

మేనకోడలికి ఆయన్ని గట్టిగా కౌగిలించుకోవాలనిపించింది. అలా చేస్తే జేబు తడుముకుంటాడని ఊరుకుంది. ఇన్నాళ్ళూ తను నవ్వుకున్న అనుమానం ఇంతమంది ఇళ్ళలో సంతోషం నింపిందని తెలిసి ఆమెకి చెప్పలేనంత గర్వం కలిగింది.

మర్నాడు మేనేజరు ముందు కూర్చుంది. "ఆవిడ సీను షూటింగ్ చేశారండీ. డైరెక్టరు గారే తర్వాత కోసేశారు. తిరిగి పెట్టించండి."

"ఆయన ఒప్పుకుంటాడా?"

"కుర్చీల సంగతి చెప్పండి."

మేనేజరు కాసేపు పైకప్పు చూశాడు. మెల్లగా ముఖం వెలిగింది. "అంటే ఈ ముసలావిడ గొడవంతా మన ప్లానేనా?"

"మన ప్లానేనండీ."

మధ్యాహ్నానికల్లా అది మేనేజరు ప్లాను అయిపోయింది. ఆయన నిర్మాత దగ్గరికెళ్ళి ఎంత దూరం ఆలోచించిందీ చెప్పుకుని మెప్పు పొందాడు. డైరెక్టరు గొణిగి గొణిగి సీను పెట్టాడు. మామయ్య మాత్రం, "తెర మీద చూసిందాకా నమ్మను" అన్నాడు.

విడుదల రోజు సందు సందంతా థియేటర్లో ఒకే వరసలో కూర్చుంది. మామయ్య ఒక పక్క, మేనకోడలు ఒక పక్క, మధ్యలో ఆవిడ. తెర మీద కిటికీ తెరుచుకుంది. ఆవిడ నవ్వి, "వానొచ్చేలా ఉంది బాబూ, లోపలికి రా" అంది. హీరో వచ్చినప్పుడు కూడా అన్ని ఈలలు పడలేదు. పక్కింటామె కళ్ళు ఒత్తుకుంటూ, "నిజంగానే నటించావు పిన్నీ" అంది.

ఈలలు తగ్గాక ఆవిడ మామయ్య వైపు తిరిగింది. ముఖంలో సంతోషం కంటే లెక్క ఎక్కువ కనబడింది.

"నేను నాలుగు డైలాగులు చెప్పాను. మిగతా మూడూ ఏవీ?"

మామయ్య తల గోక్కున్నాడు.

"డైరెక్టరు బాబు బంగారం. మాట తప్పే మనిషి కాదు. నిజం చెప్పు, నువ్వే కోసేశావు కదూ."

మేనకోడలు నోరు తెరవబోయింది. మామయ్య చీకట్లోనే చెయ్యి ఊపి ఆపాడు.

"నేనే కోశానమ్మా. పొరపాటైంది. ఈసారి జాగ్రత్తగా చూస్తాను."

"చూస్తావులే. ట్రైలర్లు కోసేవాడి మాట ఎవరు నమ్ముతారు" అని ఆవిడ మళ్ళీ తెర వైపు తిరిగింది.

మామయ్య ముఖం విప్పారింది. ఆవిడ వెనకనుంచి మేనకోడలి వైపు వంగి, ఎవర్నీ ఎప్పుడూ మెచ్చుకోనంత మెచ్చుకోలుగా, "చూశావా, మనిషంటే అలా ఉండాలి" అన్నాడు.