లోపలికి మడిచిన గుడ్డ

నిన్న సాయంత్రం మా మనవరాలు బళ్లో నాటకమంటూ నా బీరువా అంతా తిరగేసి, అడుగున ఉన్న కుంకుమరంగు పట్టు రవికె తీసి తొడుక్కుంది. అందులో తనలాంటి వాళ్లు ఇద్దరు పడతారు. చంకల దగ్గర వేలాడుతున్న గుడ్డ పట్టుకుని, "అవ్వా, దీన్ని ఆల్టర్ చేసియ్యి," అంది. అంతటితో ఊరుకుంటే మా మనవరాలు ఎందుకవుతుంది? "ఆల్టర్‌కీ చేంజ్‌కీ ఏంది తేడా? రేపు టీచర్ అడుగుతాది. రెండూ మార్చేదే గదా?" అని ఇంకో ముడి వేసింది. ఈ కళ్లతో సూదిలోకి దారం ఎక్కించడమే గగనం, మధ్యలో ఇంగ్లీషొకటా అని నవ్వాను గానీ, దానికి జవాబు నా చేతిలోనే ఉంది.

అది మా అమ్మ పెళ్లి రవికె. అమ్మ బొద్దుగా ఉండేది. నా ఎనిమిదో ఏట జ్వరమొచ్చి పోయింది. ఏడాది తిరక్కుండా పెద్దవాళ్లంతా కూర్చుని, అమ్మ చెల్లెలినే మా నాన్నకిచ్చి చేద్దామన్నారు. మా వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. అక్క ఇంటికి వచ్చే చెల్లెలు అక్క పెళ్లి రవికె తొడుక్కునే పీటల మీద కూర్చోవాలి. మా పిన్నేమో అగరుబత్తిలా సన్నం. ఆమె మీద నాకు కోపం లేదు, సెలవుల్లో నాకు తల దువ్వేది ఆమే. కానీ అమ్మ చీరలన్నీ అప్పటికే తలొకరూ పట్టుకుపోయారు. అమ్మదంటూ మిగిలింది ఆ రవికె ఒక్కటే. వైతికుప్పం నుంచి చేపలు తెచ్చే ఆమె గుమ్మంలో గంప దించి, మీ ఇంట్లో అమ్మ మారుతోందంట గదా పాపా అని తమిళంలో అడిగితే, చేపలూ వద్దు ఏమీ వద్దని లోపలికి పరుగెత్తాను.

పిన్ని నన్ను వెంటబెట్టుకునే రెడ్డియార్‌పాళయంలో టైలరు దగ్గరికి వెళ్లింది. ఆయన రవికె తిరగేసి చూసి కత్తెర అందుకున్నాడు. "ఇంత గుడ్డ లోపలుంటే ఉబ్బుతాదమ్మా, కోసేస్తా," అన్నాడు. పిన్ని ఎవరితోనూ గట్టిగా మాట్లాడగా నేను చూడలేదు. ఆ రోజు మాత్రం కత్తెరకు చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్క పోగు కూడా కోయబాకన్నా. లోపలికి మడిచి కుట్టు, చాలు. ఉబ్బితే ఉబ్బనీ," అంది. పెళ్లిలో నిజంగానే ఉబ్బింది. పెళ్లికూతురు దిండు కట్టుకొచ్చిందని మా మేనత్తలు ముసిముసిగా నవ్వుకున్నారు. ఆ మడత ఒరుసుకుని చంకల కింద ఎర్రగా కందిపోతే, పిన్ని కొబ్బరినూనె రాసుకుంది.

నా పెళ్లికి ఆ కుట్లన్నీ ఆమే కూర్చుని విప్పింది. పైన రంగు వెలిసినా, మడతలో గుడ్డ కొత్తదానిలా మెరిసింది. తొడుక్కుంటే నాకు అతికినట్టు సరిపోయింది. "ఇది మీ అమ్మ కొలత. నీకు కావాలని అట్నే పెట్టినా," అంది పిన్ని. నేను ఆమెను చివరిదాకా పిన్నీ అనే పిలిచాను, అమ్మా అని పిలవమని ఆమె ఎన్నడూ అడగలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ కొత్త బట్ట కట్టుకున్నప్పుడల్లా, వీపు మీద ముడత సరిచేసే ఆ చల్లని వేళ్ల కోసం ఒక్క క్షణం ఆగుతాను. ఆమె కావాలనిపిస్తుంది, అంతే.

"ఒకటి తీసేసి ఇంకోటి పెడితే చేంజ్. ఉన్నదాన్ని పోనీకుండా మనకి సరిచేసుకుంటే ఆల్టర్," అని మనవరాలికి చెప్పాను. "ఇంతేనా అవ్వా!" అని రాసుకుంది. కుట్టు ఎక్కడ వేయాలో గుర్తు పెడదామని రవికె పక్కభాగాన్ని దీపానికి ఎత్తి చూస్తే, పట్టులో సన్నటి సూది బెజ్జాలు వరసగా కనిపించాయి. అది పిన్ని కొలత. మనవరాలికీ సరిగ్గా అదే. ఇక కొత్తగా గుర్తు పెట్టే పని లేకపోయింది, ఆ బెజ్జాల వెంబడే సూది పోనిచ్చాను. కాలం ఎవరినీ ఉంచదు, నిజమే. కానీ పిన్నిలాంటి వాళ్లు దాని చేతికి కత్తెర మాత్రం అందనివ్వరు.