చిరుతతో కలబడిన మా నాన్న

సాహస నవలలు రాసేవాళ్లను నేను నమ్మను. అలాంటివాడి ఇంట్లోనే పుట్టి పెరిగాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

మా నాన్న పాకెట్ నవలలు రాసేవాడు. సముద్రపు దొంగలు, నరభక్షకులు, అమెజాన్ అడవులు. ఆయన మాత్రం ఫలక్‌నుమాలో రైలెక్కితే సికింద్రాబాద్ దాటి ఎరగడు. గోడ మీద బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కి అమ్మను కేకేసేవాడు. ఆమె చీపురుతో దాన్ని తరిమేదాకా నవలలో వీరుడు మొసలి నోట్లో కాలు పెట్టుకుని ఎదురు చూడాల్సిందే. అమ్మ ఒక్కసారి సముద్రం చూపించమని అడిగితే, "నా నవలల ఉన్నది, సదువుకో" అన్నాడు మహానుభావుడు.

ఆ వ్యాపారంలో ఇంకో సంగతి పాఠకులకు తెలియదు. కథ రాశాక బొమ్మ వేయించడం కాదు, బొమ్మే ముందు. పబ్లిషర్ బేగంబజార్‌లో పాత క్యాలెండర్ బొమ్మలు చవగ్గా కొని, అట్టలు అచ్చేయించి, నాన్న ముందు పడేసేవాడు. ఒకసారి అట్ట మీద ఒంటె, మంచుకొండ రెండూ ఉన్నాయి. నాన్న తల కూడా గోక్కోలేదు. ఎడారి రాజు కూతురు మంచు చూడాలని ముచ్చట పడిందని రాసి పారేశాడు. దాన్ని జనం ఊహాశక్తి అన్నారు.

నాన్న పోయిన ఇన్నేళ్లకు, మొన్న ఆయన నవలలు మళ్లీ అచ్చేసి సభ పెట్టారు. అమ్మా నేనూ ముందు వరుసలో కూర్చున్నాం. ఫోన్లలో చూసే వీడియోలు తీసే ఒకాయన మైకు అందుకుని, సాహస రచయితల గురించి ఎవరికీ తెలియని నిజాలు చెబుతానన్నాడు. మా నాన్న చిరుతతో కలబడ్డాడట. నుదుటి మీద మచ్చ దాని పంజా దెబ్బేనట. అది బల్లిని చూసి కుర్చీ మీంచి పడినప్పటి మచ్చ! తుఫానులో ఒంటరిగా పడవ నడిపి అండమాన్ చేరాడట. హాలంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధానికైనా ఒక అందం చందం ఉండొద్దూ?

పడవ మాట రాగానే అమ్మ ముందుకు వంగి విన్నది. ఆ ముక్క అయిపోయేసరికి ఆమె ముఖం వాడిపోయింది. శాలువా కప్పినా తల ఎత్తలేదు. నాలాగే ఆమెకూ కంపరం పుట్టిందనుకుని సంతోషించాను.

ఆటోలో ఇంటికి వస్తూ ఆ మనిషిని తిట్టడం మొదలుపెట్టాను. "గా కథలన్నీ ఆనికి ఎవరు చెప్పిండ్రమ్మా?"

"నేనే చెప్పిన," అంది అమ్మ. "పోయిన వారం నువ్వు డ్యూటీకి పోయినంక ఇంటికొచ్చి మస్తు మర్యాదగ అడిగిండు. మీ నాయిన బల్లికి భయపడుతుండె అని చెప్పమంటవా?"

నేను తిట్లు ఆపేశాను. "చెప్తే చెప్పినవ్ తియ్యి. మరి గట్ల ముఖం మాడ్చుకున్నవేంది? అందరు చప్పట్లు కొట్టిరి గదా."

లాడ్ బజార్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగింది. అమ్మ శాలువాను ఒళ్లో మడిచి పెట్టుకుంది.

"మీ నాయిన నన్ను ఏడికి తీస్కపోయిండు బిడ్డా? ఎట్లనో అబద్ధమే గదా అని, పడవల నేను గూడ ఉన్ననని చెప్పిన. తుఫాన్ల తెడ్డు నేనే పట్టిన్నని చెప్పిన," అంది. "గా వీడియోలోడు నన్ను ఒడ్డు మీదనే ఇడిచిపెట్టిండు."